షోలాపురపుఁ దెలుఁగు సాలెవారు

(మియాపూరునఁ గూడిన మన సంఘ వార్షిక మహాసభయందుఁ జేయఁబడిన యుపన్యాసము)



ఈ సంవత్సరపు మహాసభ మియాపూరునఁ గూడుట మాకు మిక్కిలి సముచితముగాఁ దోఁచుచున్నది. ఏలయన, నిది సరిహద్దు మీఁది యూరు. రంగారెడ్డి, మేడ్చల్ మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాలు మూఁడును ఈ చుట్టుప్రక్కలనే కలియుచున్నవి. 2007వ సంవత్సరము ఏప్రిల్ మాసమున శేరిలింగంపల్లి మహానగర పాలక సంస్థలోఁ జేరు వఱకు నిది పట్టణమునకు వెలుపలిదిగనే యుండెను. 2017వ సంవత్సరము నవంబరు 28వ తేదీన భారత ప్రధానమంత్రి మెట్రో రైలును ఇచ్చటనే ప్రారంభించిన నాఁటినుండి మియాపూరనఁగా రైలుదారి చివరి మజిలీ యని లోకము గుర్తించుచున్నది. కాని యంతకు ఎంతయో ముందుగనే ఈ యూరి ప్రక్కనుండి రెండు దారులు పడమటికిఁ బోవుచుండెను. ఒకటి బొంబాయి బాట. రెండవది 1874లో సికిందరాబాదునుండి వాడి జంక్షను వఱకు వేయఁబడిన నిజాము రైలుదారి. మనకుఁ జేరువనున్న హఫీజుపేట, లింగంపల్లి స్టేషనులు దాని మీఁదివే. ఈ రెండు దారులును మన కులమువారిని వేలకొలఁదిగ నొక్క యూరికిఁ గొనిపోయినవి. ఆ యూరు షోలాపురము.

మన సభలయందు మార్కండేయ మహామునిని స్మరింతుము. భావనా ఋషి చరిత్రము విందుము. అది తగినదే. కాని పురాణమునఁ బుట్టుక గలవారికిఁ జరిత్రమున బ్రదుకు గూడఁ గలదు. తాతముత్తాతలు ఏ కఱవున నూరు విడిచిరి, ఏ సంతలోఁ జీరలమ్మిరి, ఏ యజమానుని కడ బాకీ పడిరి, ఏ భాషలో బిడ్డలను జదివించిరి యను సంగతులు తెలియని కులము తన్నుఁ దానెఱిఁగినదని చెప్పుటకు వీలులేదు. కావున నేఁడు మేము షోలాపురమునందలి మన సోదరుల చరిత్రమును గొంత విన్నవించి, దానివలన మనకుఁ బుట్టు కర్తవ్యమును దెలుప నెంచితిమి.

ఊరు విడుచుటకుఁ గారణములు

షోలాపురమునందలి పద్మశాలీలలోఁ బెక్కుమంది పూర్వులు తెలంగాణమువారు. కరీంనగరము, నల్లగొండ, మహబూబ్‌నగరము, మెదకు ప్రాంతముల పల్లెలనుండి వారు వెడలిరి. సుఖముగ నున్నవాఁడు మగ్గపు గుంటను విడిచి పోఁడు గదా! వారిని వెడలఁగొట్టిన కారణములు మూఁడు.

మొదటిది సీమగుడ్డ. పందొమ్మిదవ శతాబ్దమునఁ లాంకషైరు మిల్లుల వస్త్రము రైలుతోఁ బాటు సంతసంతకును దిగెను. మన యాఁడువారు వడికిన నూలుకుఁ గిరాకి పోయెను. ముతక వలువ నేయువారికిఁ గూలి గిట్టుబాటు గాకపోయెను. రెండవది వెట్టి. నిజాము రాజ్యమున దేశముఖుల గడులకుఁ బ్రతి కులమును ఏదో యొక వెట్టి సేయవలసియుండెను. సాలెవాఁడు దొర యింటి దాసదాసీలకుఁ గట్టుబట్టల నీయవలసినవాఁడు. తన మగ్గము మీఁది వస్త్రమునకు వెల యడుగు హక్కు తనకుఁ లేని చోట నేఁతగాఁ డెట్లు నిలుచును? మూఁడవది కఱవు. 1876 మొదలు 1878 వఱకు దక్కనునంతటిని గాల్చిన మహాక్షామమున ముందుగాఁ గూలినవాఁడు నేఁతగాఁడే. రైతు తిండికి లేక బట్టకొనుట మానును; బట్ట యమ్ముడుపోక సాలెవానికిఁ దిండి మానును. రైతునకు వాన గురిసినఁ బంట వచ్చును. సాలెవానికి, రైతు పంట యమ్మి చేత డబ్బు చూచిన పిదపఁ గాని పని రాదు. అందువలనఁ గఱవు పోయిన తరువాతఁ గూడ మన వారి కఱవు కొంతకాలము పోదు. 1899, 1900 సంవత్సరముల క్షామమునను ఇట్లే జరిగెను.

ఈ మూఁటికిని దోడు రైలు వచ్చెను. బొంబాయినుండి వచ్చు దారి 1860 ప్రాంతమున షోలాపురమును జేరెను. పిదప రాయచూరు వఱకు సాగెను. 1874లో నిజాము రైలు వాడి కడ దానితోఁ గలియుటతోఁ దెలంగాణమునుండి షోలాపురమునకుఁ బ్రయాణము సుకరమయ్యెను. పోయినవాఁడు తమ్మునిఁ బిలిచెను. తమ్ముఁడు బావమఱఁదిని బిలిచెను. ఇట్లు వాడలకు వాడలే కదలెను.

షోలాపుర మేల?

ఇందఱును షోలాపురమునకే యేల పోయిరని యడుగవచ్చును. ఆ పట్టణము పండ్రెండవ శతాబ్దమున వెలసిన శివశరణుఁడు సిద్ధరామేశ్వరుని పేరఁ బ్రసిద్ధము. మరాఠీ, కన్నడ, తెలుఁగు భాషలు మూఁడును గలియు నెలవు. 1818లోఁ బీష్వాలనుండి యాంగ్లేయుల యధీనమైనది. దాని చుట్టును నిజాము రాజ్యపు ఉస్మానాబాదు మొదలగు భూములు వ్యాపించియుండుటచే, నల్దుర్గము దాఁటినంతనే రాజ్యము మాఱిపోవుచుండెను. వెట్టికి వెఱచిన వానికి ఆ సరిహద్దే యభయము. దొర మనుష్యుఁడు వెంటాడి రాఁజాలఁడు. పట్టణమునఁ గూలి తక్కువయైనను జేతి కూలి చేతికే వచ్చును.

1877లోఁ దొలి నూలు, నేఁత మిల్లు అచ్చట వెలసెను. తరువాత నరసింగగిర్జీ, లక్ష్మీ, విష్ణు, జామ్ మిల్లులు లేచెను. మిల్లులు పుట్టినచోఁ జేతిమగ్గము చచ్చునని లోకుల యభిప్రాయము. షోలాపురమున దానికి భిన్నముగా జరిగెను. మిల్లు నూలు నూరి నడుమనే దొరకుటచే సాలెవాఁడు దూరపు వర్తకుని కొఱకుఁ గాచుకొననక్కఱలేకపోయెను. మఱియు మహారాష్ట్ర స్త్రీలు కట్టు తొమ్మిది గజముల చీరకు అంచులు ఒక రంగు, ఒడలు వేఱొక రంగు నుండవలయును. అంచున కొక నాడె, ఒడలికి మఱొక నాడె వాడి, రెండు రంగులను విడివిడిగ నిలుపు ఆ నేఁత యంత్రమునకు లొంగదయ్యెను. మిల్లులవారు ధోవతులు, చొక్కాగుడ్డలు నేసిరి; మనవారు చీరలు నేసిరి. ఆ చీర యంచే మన వారి బ్రదుకునకుఁ గోటగోడ యయ్యెను.

ఇంకొక విశేషము. త్రాడు లాగినంతనే నాడె తానై పరుగెత్తు మగ్గమును షోలాపురపు సాలెవారు తక్కిన పెక్కు చోటులవారికంటె ముందుగఁ గైకొనిరి. అద్దకమునఁ గొత్త రంగులను, అంచులయందుఁ గృత్రిమ పట్టు పోఁగులను వాడుట నేర్చిరి. ఊరు విడిచినవానికిఁ బాతపద్ధతి మీఁద మమకారము తగ్గుట యొక లాభమే కాఁబోలు! నేఁతగాఁడు మూఢుఁడు, క్రొత్తను గైకొనఁడు అని వ్రాసినవారికి షోలాపురమే సమాధానము.

యజమానులును బనివారును మనవారే

ఇచట మేము కొంత కఠినమైన సంగతి చెప్పవలసియున్నది. పోషకులు మన్నింతురుగాక.

పల్లెలో సాలెవాఁడు తన యింటఁ దన మగ్గము మీఁద నేయును. భార్య కండెలు చుట్టును, బిడ్డ పోఁగులతుకును. షోలాపురమున నట్లు గాక కార్ఖానా పుట్టెను. ఒక పెద్ద సాలలో నిరువది ముప్పది మగ్గములు. వాని యజమానుఁడు పద్మశాలి. వానిమీఁదఁ గూలికి నేయువారును బద్మశాలీలే. ఊరినుండి వచ్చినవానికి యజమానుఁడు తిండి కొఱకుఁ గొంత రొక్కము ముందుగా నిచ్చి, పడుకొనుటకు ఆ సాలలోనే చోటు చూపును. ఆ బదులు తీరు వఱకు వాఁడు మఱొకరి కడకుఁ బోరాదు. బదులు తీరదు. 1947లోఁ బూనా గోఖలే సంస్థ ప్రకటించిన ఆర్. జి. కాకడే గారి షోలాపుర నేఁతవారి పరిశీలన గ్రంథము స్వతంత్రముగ నేయువారిని, సొమ్ముదారులకుఁ గట్టుపడి నేయువారిని, కార్ఖానాలలోఁ గూలికి నేయువారిని వేఱువేఱుగఁ జర్చించినది.

వెట్టికి వెఱచి సరిహద్దు దాఁటినవాఁడు కుల బాంధవుని బాకీకిఁ జిక్కుట విధి వైపరీత్యము. అయినను న్యాయముగఁ జెప్పవలెనన్న రెండవ ప్రక్కయుఁ గలదు. ఆ యజమానులే యనేకులు నిన్నటి కూలివాండ్రు. వారే గుడి కట్టించిరి, బడి పెట్టించిరి, దిక్కులేని బాలునకు నాడె పట్టుట నేర్పిరి. కావున మన షోలాపుర చరిత్రమును ధనికుల దాతృత్వ చరిత్రముగ మాత్రమే వ్రాయుటయుఁ దప్పు. దోపిడి చరిత్రముగ మాత్రమే వ్రాయుటయుఁ దప్పు. సరిహద్దు రెండు రాజ్యముల నడుమ మాత్రమే యుండదు. ఒక్క కులములో యజమానునకును గూలివానికిని నడుమఁ గూడ నుండును. సంఘము పేరు చెప్పి ఆ రెండవ సరిహద్దును గానకుండుట సంఘమునకే హాని.

1930వ సంవత్సరము

షోలాపురము చరిత్రమునఁ దల యెత్తి చెప్పుకొను దినములు కొన్ని కలవు. 1930లో నుప్పు సత్యాగ్రహ సందర్భమున మే 5వ తేదీన గాంధీ మహాత్ముఁడు బంధింపఁబడెను. ఆ వార్త విని మిల్లులు మూఁతపడెను. కార్మికులు వీథులకు వచ్చిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. జనులు పెక్కండ్రు మరణించిరి. అటుపైఁ గొన్ని దినములు ప్రభుత్వాధికారము పట్టణమునుండి తొలఁగిపోఁగా, జనులే రాకపోకలను గనిపెట్టుకొనిరి. మే 12వ తేదీన సైనిక శాసనము విధింపఁబడి జూన్ నెలాఖరు వఱకు సాగెను. 1931వ సంవత్సరము జనవరి 12వ తేదీన మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేను, శ్రీకృష్ణ సారడా, జగన్నాథ షిందే యను నలుగురు ఎఱవాడ చెఱసాలలో నురిదీయఁబడిరి.

ఆ నలుగురి పేళ్లను మఱల నొకసారి చదువుఁడు. లింగాయతు, ముసల్మాను, మార్వాడీ, మరాఠా. వేఱువేఱు కులమతములవారు ఒక్క యుదయమున నొక్క యురికంబము మీఁదఁ బ్రాణములు విడిచిరి. మన వారు పనిచేయు పట్టణము, మన వారు నడచు వీథులు. అట్టి యూరి గాలి పీల్చిన తెలుఁగు సాలెవాఁడు తాను పరదేశి ననుకొనుట మానెను. నిజాము రాజ్యమున సభ సేయుటకుఁ గూడ సర్కారు సెలవు గావలసిన ఆ కాలమునఁ, దెలంగాణపుఁ బల్లెనుండి పోయిన వానికి జనసమూహమునకుఁ గల బలము తెలిసివచ్చిన దచ్చటనే.

బాట మాఱలేదు, సరిహద్దులు మాఱినవి

1948వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యపుఁ బ్రధాన దళము మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరి గారి నాయకత్వమున షోలాపురము వైపునుండి కదలి, నల్దుర్గము, జహీరాబాదుల మీఁదుగా హైదరాబాదు దిక్కునకు వచ్చెను. 18వ తేదీన నిజాము సైన్యము లొంగిపోయెను. మన వారు ప్రాణభయమునఁ బడమటికిఁ బోయిన బాటనే స్వాతంత్ర్యము తూర్పునకు వచ్చినదనుట యతిశయోక్తి గాదు.

అంతటితో నిజాము సరిహద్దు చెఱిఁగిపోయెను. కాని 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీన భాషను బట్టి రాష్ట్రములు విభజింపఁబడఁగా నూతనమైన గీఁతలు వెలసెను. మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రమునకు, కన్నడ జిల్లాలు మైసూరునకు, తెలుఁగు జిల్లాలు ఆంధ్రప్రదేశమునకుఁ బోయెను. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రము, 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము ఏర్పడెను. నేఁడు మియాపూరునుండి షోలాపురమునకుఁ బోవువాఁడు సుమారు 300 కిలోమీటర్ల దారిలో జహీరాబాదు దాఁటిన పిదపఁ గర్ణాటకమునుఁ జొచ్చి, హుమనాబాదు మీఁదుగ సాగి, ఉమర్గా కడకు మహారాష్ట్రమున నుండును. తాతలు దాఁటిన గీఁత యొకటి; మనుమలు దాఁటు గీఁతలు రెండు.

భాషారాష్ట్రములు మనకు మేలే చేసినవి. కాని ఏ రాష్ట్రమునందు భాష తనది గాదో యచ్చట మిగిలిపోయినవాని సంగతి ఆ సంబరమున నెవ్వరికిని దోఁపలేదు. షోలాపురపు సాలెవాఁడు ఒక్క దినమున 'భాషాల్పసంఖ్యాకుఁడు' అయ్యెను. వాఁడు కదలలేదు, చుట్టునున్న గీఁతలు కదలినవి.

నేఁటి స్థితి

మిల్లులు ఒక్కటొక్కటిగ మూఁతపడినవి. చేతిమగ్గముల చోట మరమగ్గములు వచ్చినవి. చీరకుఁ బ్రసిద్ధిగన్న యూరు దుప్పటికిఁ బ్రసిద్ధమయ్యెను. పూలును లతలును తేలునట్లు జకార్డు మగ్గమున నేసిన షోలాపురపు నూలు దుప్పటి భారతదేశమున నెఱుఁగని యిల్లుండదు. షోలాపురపు దుప్పటికిని, తుండుగుడ్డకును 2005, 2006 సంవత్సరముల కాలమున భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పత్రమున యూరి పేరున్నది. నేసిన చేతుల వెనుక నున్న తెలుఁగు పల్లెల పేళ్లు మనము చెప్పుకొనవలసినవి.

స్త్రీల సంగతి వేఱుగఁ జెప్పవలయును. మగ్గము ఇంటినుండి కార్ఖానాకుఁ బోవుటతో నింటి యాఁడుదానికి నేఁతలో నున్న పాలు పోయినది. కండె చుట్టిన చేతులు బీడీ చుట్టసాగెను. నేఁటికిని వేలకొలఁది పద్మశాలి స్త్రీలు ఆకును, పొగాకును కార్ఖానానుండి తెచ్చుకొని, యింటి గడప కడఁ గూర్చుండి బీడీలు చుట్టి, లెక్కకు వేయింటికిఁ గూలి పుచ్చుకొనుచున్నారు. భర్తకు మగ్గము లేని దినమునఁ బొయ్యి వెలిఁగించినది ఆ కూలియే. పొగాకు దూళి యూపిరితిత్తులకుఁ జేయు చెఱుపును గూడ వారే భరించిరి. మన సంఘ గ్రంథములలో దాతల చిత్రపటములకుఁ జోటు గలదు. ఆ తల్లుల పేళ్లకుఁ జోటు గలదా?

ఆ పట్టణపుఁ బ్రజాజీవనమున మన వారు వెనుకఁబడలేదు. గంగాధర కూచన్ గారు 1980లోను, 1984లోను, లింగరాజ వల్యాల్ గారు 1996లోను షోలాపురమునుండి లోకసభకు ఎన్నుకోఁబడిరి. బీడీ, మరమగ్గముల కార్మికుల నాయకుఁడైన నర్సయ్య ఆడం గారు శాసనసభ్యులైరి. అసంఘటిత కార్మికులకు స్వగృహములు గావలెనని వారు సాగించిన దీర్ఘ కృషి ఫలముగా, కుంభారి కడ 'రే నగర్' అను పేర 30,000 ఇండ్ల నిర్మాణము తలపెట్టఁబడి, అందు 15,000 ఇండ్లు 2024వ సంవత్సరము జనవరి 19వ తేదీన ప్రధానమంత్రిచే లబ్ధిదారుల కప్పగింపఁబడినవి. కార్ఖానా సాలలోఁ బడుగుల క్రింద నిద్రించినవాని మనుమరాలు తన పేరఁ దలుపుతాళము పుచ్చుకొన్నది. ఇది ఏ పురాణకథకును దీసిపోదు.

భాష, పేరు, పత్రము

షోలాపురమున శ్రావణ పూర్ణిమ నాఁడు మార్కండేయుని రథోత్సవము మహా వైభవముగ జరుగును. మరాఠీవారికది నారికేళ పూర్ణిమ. మన వారికి జందెముల పున్నమ. ఆశ్వయుజమున బతుకమ్మ నాడుదురు. తంగేడు పూవు దొరకని చోటఁ గూడ బతుకమ్మ పాట దొరకును. ఇంట మాటలాడునది తెలుఁగు, వీథిలో మరాఠీ, సంతలోఁ గన్నడము, పనిసాలలో దక్కనీ యుర్దూ. నాలుగు భాషలు తెలిసిన యా నిరక్షరాస్యుని మనము పండితుఁ డనము గాని, యనవలసినదే.

అయినను జదువు వేఱు. తెలుఁగు మాట నోట నున్నది గాని యక్షరము చేత నుండుట తగ్గుచున్నది. తెలుఁగు బడులలోఁ బిల్లలు పలుచనైరి. బిడ్డకు ఉద్యోగము గావలెనన్న మరాఠీయో ఇంగ్లీషో కావలెను గదా యని తల్లిదండ్రు లనుట న్యాయమే. దానిని మేము తప్పుపట్టము. కాని నోటి తెలుఁగు ఒక తరము నిలుచును. వ్రాత తెలుఁగు పది తరములు నిలుచును. అమ్మమ్మ వ్రాసిన యుత్తరమును మనుమఁడు చదువలేని నాఁడు ఆ యింట నొక మగ్గము విఱిగినట్లే.

పేరు సంగతి చూడుఁడు. మనకు నింటిపేరు ముందు, వ్యక్తి పేరు పిదప. మహారాష్ట్రమున వ్యక్తి పేరు ముందు, నడుమ తండ్రి పేరు, చివర నింటిపేరు. పెండ్లియైన స్త్రీకి నడుమ భర్త పేరు వచ్చును. ఈ కారణమున నొక్క కుటుంబమున నన్నదమ్ములు ఒకఁడు సిరిసిల్లలో, ఒకఁడు షోలాపురములో నున్నచో వారి పత్రములఁ బ్రక్కప్రక్కనుంచిన నిద్దఱికిని సంబంధమే లేనట్లు కనఁబడును.

పత్రము సంగతి యింకను గష్టము. తెలంగాణమునఁ బద్మశాలీలు వెనుకఁబడిన తరగతులలో 'బి' వర్గమువారు. మహారాష్ట్రమునఁ 'బ్రత్యేక వెనుకఁబడిన తరగతి' వారు. ఒక రాష్ట్రపుఁ గులపత్రము రెండవ రాష్ట్రమున రిజర్వేషను నీయదు. షోలాపురమునుండి వచ్చి మియాపూరులో గదియద్దెకుండి, మాధాపురము కంప్యూటరు కంపెనీలలోఁ బని వెదకుకొను యువకుఁడు ఇచ్చటి కళాశాలకును, సర్కారు కొలువునకును పోటీ పడునపుడు వాని తాత కరీంనగరపు పల్లెవాఁడైనను బయటివాఁడే. షోలాపురమున వానిని దెలుఁగువాఁడందురు, ఇచ్చట మహారాష్ట్రుఁడందురు. ఏ గీఁతకు నే ప్రక్కనున్నను వాఁడు పరాయివాఁడే యైనచో, వానికి స్వస్థలమని చెప్పుకొనఁదగినది కులబాంధవుల సభ యొక్కటియే గదా! అదియుఁ దలుపు మూసినచో నింక నెందుఁ బోవును?

మరలివచ్చిన విద్య

పోయినవారు రిక్తహస్తములతో రాలేదు. షోలాపురము, భీవండి, బొంబాయిలలోఁ బని నేర్చిన వారు మరలివచ్చుట వలననే సిరిసిల్లలో మరమగ్గములు వ్యాపించినవి. ఆ విద్యతోఁ బాటు ఆ బాకీయు వచ్చినది. నూలు ధర పెరుగుట, విద్యుత్తు వెల, దూరపు సంతను నమ్ముట, యజమాని కూలి సంబంధము, ఇవన్నియు నొక్కటై సిరిసిల్లలో 1990 తరువాతి కాలమున నెందఱో నేఁతగాండ్రు ప్రాణములు దీసికొనుట మనము మఱవలేని దుఃఖము. 2017నుండి కొన్నేండ్లు బతుకమ్మ చీరల పని ప్రభుత్వము వారిచ్చుటచే మగ్గములు కొంత యూపిరి దీసికొన్నవి. సర్కారు చీరయొక్కటియే యాధారమగుట మంచిది కాదని షోలాపురపు చరిత్రమే చెప్పుచున్నది. అచ్చటివారు చీరకుఁ గిరాకి తగ్గిన నాఁడు దుప్పటికి మాఱిరి. దుప్పటితోఁ బాటు తుండుగుడ్డకు మాఱిరి. సంత నెఱిఁగి సరకు మార్చుట వారు మనకు నేర్పఁగల పాఠము.

మనలో సరిహద్దున జన్మించి దేశమునకు మాన్యుఁడైన పురుషుఁ డొకఁడు కలఁడు. కొండా లక్ష్మణ్ బాపూజీ గారు 1915వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన మహారాష్ట్రపుటంచుననున్న వాంకిడి యందు జన్మించిరి. నిజామునకు వ్యతిరేకముగఁ బోరాడిరి. చాకలి ఐలమ్మ భూమి వ్యాజ్యమున న్యాయవాదియై నిలిచిరి. నేఁతవారికి సహకార సంఘములు గావలెనని పట్టుపట్టిరి. 1969లోఁ దెలంగాణము కొఱకు మంత్రిపదవిని విడిచిరి. 2012లో స్వర్గస్థులైరి. తన కులమువాని బట్టకుఁ దగిన వెల రావలెననుటయు, పరకులపు స్త్రీకి భూమి దక్కవలెననుటయు వారికి నొక్కటే న్యాయము. మన సంఘమునకు నంతకంటె నాదర్శము వెదకనక్కఱలేదు.

మన కర్తవ్యము

ఇంత చెప్పి యూరకుండుట తగదు. మేము నాలుగు విన్నపములు సభవారి ముందుంచుచున్నాము.

మొదటిది: చరిత్రమును వ్రాసికొనుట. మన కులకథను తరతరములుగ మోసినవారు కూనపులివారు. చేర్యాలలో వ్రాయించిన పొడవైన పటమును వ్రేలఁగట్టి, యొక్కొక్క బొమ్మను జూపుచు మార్కండేయ, భావనా ఋషుల కథలను బాడి, యింటింట సంభావన పుచ్చుకొనువారు. మనచేత నాదరింపఁబడక వారి వృత్తి క్షీణించుచున్నది. వారిని బిలిపించి, పాటలను నమోదు సేయించి, తగిన గౌరవ మీయవలయును. ఆ పటమున షోలాపురపు బాట యొక బొమ్మగాఁ జేరవలయును. షోలాపురమున వృద్ధులైన నేఁతగాండ్ర, బీడీ తల్లుల నోటి మాటలను వారు జీవించియుండఁగనే వ్రాసికొనవలయును.

రెండవది: అక్షరము. షోలాపురమునందలి బాలబాలికలకు వేసవి సెలవులలోఁ దెలుఁగు వ్రాఁత, చదువు నేర్పు తరగతులను మన సంఘము తన ఖర్చున నడుపవలయును. మరాఠీని మానిపించుట మా యుద్దేశము కాదు. పడుగు మరాఠీయైనను బేక తెలుఁగుగ నుండనిండు. రెండును గలిసిననే గుడ్డ యగును.

మూఁడవది: తలుపు. షోలాపురమునుండి యీ మియాపూరు ప్రాంతమునకుఁ బని వెదకుచు వచ్చు పిల్లలకు, ముఖ్యముగ నాఁడుపిల్లలకు, వసతిగృహ మొకటి కావలయును. పోషకులు గుడి గోపురమునకిచ్చిన సొమ్ములో నొక పాలు దీనికిచ్చినను మార్కండేయుఁడు సంతోషించును. పత్రముల విషయమున రెండు రాష్ట్రముల నియమములు తెలిసిన న్యాయవాది యొకరు నెలకొకమారు కూర్చుండి యుచితముగ సలహా చెప్పు నేర్పాటు సేయవలయును.

నాలుగవది: న్యాయము. మన సంఘమున యజమానులకుఁ దోడుగఁ గూలినేఁతగాండ్రును, బీడీ చుట్టు స్త్రీలును గార్యవర్గమునఁ గూర్చుండవలయును. వేదికపైఁ బూలమాలలు వేయునపుడు మాత్రమే మనమందఱము నొక్కటే యనుట, కూలి బేరమాడునపుడు వేఱనుట బాగుగ లేదు. కూలి పెంచిన యజమానుని పేరును, చందా నిచ్చిన దాత పేరుతో సమానముగ నీ వార్షిక సంచికలో నచ్చు వేయవలయునని మా కోరిక.

మహాజనులారా! మగ్గము మీఁద గుడ్డ నేయునపుడు ఒడలికంటె నంచు నేయుట కష్టము. అంచు నందుఁ బోఁగు దట్టముగ నుండవలయును. లాగుడు, రాపిడి యన్నియు దానికే తగులును. అంచు గట్టిగనున్నఁ జీర నిలుచును. అంచు విడిపోయిన నడుమ నెంత నేర్పుగ నేసినను జిరుఁగును. దేశమునకును గులమునకును సరిహద్దున నున్నవారు అట్టి యంచు. వారిని దూరపువారని తలఁపక, మన వస్త్రమునకు వారే గట్టిదనమని యెంచి, పైవిన్నపములను సభవారు తీర్మానములుగ నంగీకరింతురుగాక యని ప్రార్థించుచున్నాము.